చంద్రమ్మ గారి బావి

దయ్యాలూ భూతాలూ ఉన్నాయంటే నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మడానికి నాకు రెండు వైపులా వీల్లేదు కూడా. ఒకవైపు బీఎస్సీ జువాలజీ చదివాను. ఇంకోవైపు మేం క్రైస్తవులం. చనిపోయినవాళ్లు ప్రభువునందు నిద్రిస్తారని, లేచి వచ్చి ఇళ్లలో తిరగరని మాకు సండేస్కూల్లోనే నేర్పారు. హాస్టల్లో తోటి పిల్లలు దయ్యాల కథలు చెప్పుకుని వణుకుతుంటే నేను ముసుగుతన్ని నిద్రపోయిన రకాన్ని.

నా పేరు సలోమి. ఇంట్లో సల్లు అంటారు. ఇది తొంభై తొమ్మిదిలో, నాకు పాతికేళ్లప్పుడు జరిగింది. జరిగింది జరిగినట్టు రాస్తాను. అర్థం కాని చోట అర్థం కాలేదనే రాస్తాను. అది నాకు ఉద్యోగంలో అబ్బిన అలవాటు.

అప్పట్లో నేను మాదాపూర్‌లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేసేదాన్ని. ఇప్పటి పిల్లలకు ఆ పేరు చెబితే తెల్లమొహం వేస్తారు. అమెరికాలో డాక్టర్లు ఆపరేషన్ చేశాక ఏం చేశారో నోటితో చెప్పి రికార్డు చేస్తారు. ఆ గొంతు ఫైళ్లు మా దగ్గరికి వచ్చేవి. మేం చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, కాలికింద పెడల్ తొక్కుతూ, విన్నది విన్నట్టు టైపు చేయాలి. పెడల్ తొక్కితే గొంతు నడుస్తుంది, కాలు తీస్తే ఆగుతుంది. నేను ఫోన్లో ఇదంతా వివరిస్తే మా అమ్మ, “కుట్టుమిషనేగా” అని తేల్చేసింది.

కొన్నాళ్లు ఆ పని చేశాక ఒక అలవాటు పడిపోతుంది. చెవికీ వేళ్లకీ మధ్యలోంచి బుర్ర తప్పుకుంటుంది. విన్నది విన్నట్టు తెరమీద పడిపోతుంటుంది, మనం మాత్రం సాయంత్రం ఏం కూర వండాలా అని ఆలోచిస్తుంటాం. డాక్టరు మధ్యలో నర్సును కాఫీ అడిగితే ఆ కాఫీని కూడా ఆపరేషన్ రిపోర్టులో కొట్టేసి చీవాట్లు తిన్నవాళ్లు మాలో చాలామంది ఉన్నారు. నేనూ తిన్నాను. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

ఆ చీవాట్లు పెట్టేది అనసూయక్క. ఆవిడ మా ప్రూఫ్ రీడరు. మేం కొట్టిన రిపోర్టును గొంతుతో మళ్లీ సరిచూసి, తప్పులు దిద్ది అమెరికాకు పంపేది. పుట్టిందీ మెట్టిందీ నల్లగండ్లలోనే. అంతకుముందు ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచరు. నుదుటిమీద ఇంత పెద్ద బొట్టు, పనిలో మహా చండశాసనురాలు. చెవులైతే పాము చెవులు.

చేరిన మొదటి వారంలో, వినపడని ఒక మందు పేరును ఊహించి కొట్టాను. ఆవిడ వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది.

“ఇనపడలేదా? ఖాళీ ఇడువు. నువ్వు ఖాళీ ఇడిస్తే నేను ఇంట. నాకు ఇనపడకుంటే ఇంకొకరు ఇంటరు. నీ మనసుకొచ్చింది నింపితివనుకో, ఇగ దాన్ని ఎవ్వరు చూడరు. ఆడ పేషెంటు పరేషాన్ అయితడు.”

ఖాళీ అంటే చిన్న గీత, అంతే. గీత ఉన్నంత మాత్రాన రిపోర్టును ఎవరూ చెత్తబుట్టలో వేయరు. మిగతాదంతా రోగికి పనికొస్తూనే ఉంటుంది.

ఇక మా అమ్మ సంగతి. అమ్మ ఒంగోలు దగ్గర ఎలిమెంటరీ స్కూల్లో పంతులమ్మ. ముప్పై ఏళ్లు సుద్దముక్కల దుమ్ము పీల్చింది. ఆయాసం మనిషి. ఊపిరి తీస్తే లోపల సన్నగా ఈల వినిపించేది. చిన్నప్పుడు చీకట్లో ఆ ఈలను బట్టే అమ్మ ఏ గదిలో ఉందో చెప్పేవాళ్లం నేనూ, మా అన్నయ్య డానీ.

అమ్మ పొద్దున్నే వంటింట్లో పీట వేసుకుని ప్రార్థన చేసుకునేది. అందరిలా పెద్ద పెద్ద మాటలు ఉండేవి కావు. ఒక పేరు, ఆ పేరుకున్న కష్టం, ఇంకో పేరు, దాని కష్టం. కిరాణా కొట్టులో చీటీ చదివినట్టు చదివేది. చివర్లో మాత్రం ప్రతిరోజూ ఒకే మాట: “నాకు తెలియదు ప్రభువా. నీకు తెలుసు.” చిన్నప్పుడు ఆ మాట నాకు చిరాకు. తెలియనిదాన్ని తెలియదని చెప్పుకోవడానికి పొద్దున్నే లేవడం దేనికని అడిగితే, “తెలిస్తే ఆయనతో పనేముందే?” అనేది.

ముందటి ఏడాది అమ్మను గుంటూరులో ఆసుపత్రిలో చేర్చారు. ఊళ్లో సంఘమంతా ఉపవాస ప్రార్థన చేసింది. సంఘ పెద్ద ఒకాయన ఆసుపత్రి వరండాలో నాన్న చేయి పట్టుకుని, “ఈమె లేచి నడుస్తుంది, ప్రభువు నాకు బయలుపరిచారు” అన్నాడట. నాకు సెలవు దొరికి నేను గుంటూరు చేరేసరికి తొమ్మిదో రోజు. అప్పటికే అమ్మను వార్డులోంచి ఐసీయూలోకి మార్చారు. మూతికి మాస్కు. మాట లేదు. ఆ సాయంత్రమే పోయింది.

అమ్మ పోయినందుకు ఏడ్చాను. కోపం మాత్రం ఆ తర్వాత వచ్చిన సమాధానాల మీద. దేవుడు తన తోటలోకి మంచి పువ్వుల్నే కోసుకుంటాడంది ఒకావిడ. ఇంట్లో ఎవరికో విశ్వాసం చాలి ఉండదన్నాడు ఇంకొకాయన, నా జీన్స్ ప్యాంటు వైపు చూస్తూ. లేచి నడుస్తుందన్న పెద్దాయన, పరలోకంలో నడుస్తోందనే తన భావమని సర్దుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అంతమందిలో ఒక్కరూ “నాకు తెలియదమ్మా” అనలేదు. అనసూయక్క దగ్గరైతే వీళ్లలో ఎవరి ఉద్యోగమూ వారం నిలిచేది కాదు.

అక్కడితో నేను ప్రార్థన మానేశాను. పంతం పట్టి మానలేదు, నోరు పెగల్లేదు. తర్వాత పెగిలించుకోవాలని కూడా అనిపించలేదు.

నాన్న లెక్కల మాస్టారుగా రిటైరై, ఊళ్లో అద్దె ఇల్లు ఖాళీ చేసి నా దగ్గరికి వచ్చేశారు. మదీనాగూడలో హైవేకి ఒక సందు లోపల, రెండు గదుల పోర్షన్ మాది. నాన్న ప్రతి ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని చందానగర్‌లో చర్చికి వెళ్లేవారు. నేను ఆదివారం షిఫ్టుకు వెళ్లేదాన్ని. “పాపం, ఆదివారం కూడా వదలరు” అని నాన్న బాధపడేవారు. ఆ షిఫ్టు నేను అడిగి మరీ వేయించుకున్నదని ఆయనకు చెప్పలేదు. చర్చి తప్పించుకోవడానికి అంతకంటే గౌరవమైన దారి దొరకలేదు నాకు.

ఏడాది తిరగబోతోంది. మావాళ్లలో మొదటి ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుంటాం. పాటలు, వాక్యం, ఇంటివాళ్లలో ఒకరు లేచి ప్రార్థన, ఆ తర్వాత భోజనాలు. గురువారం సాయంత్రం మా పోర్షన్‌లోనే అనుకున్నారు. నాన్న ఒకరోజు అన్నం తింటూ, “ప్రార్థన నువ్వు చెయ్యి సల్లూ. నా గొంతు నిలవదు” అన్నారు.

సరేనని తలూపేశాను. నలుగురి ముందు కళ్లు మూసుకుని దొంగ ప్రార్థన చేయడం నా వల్ల కాదు. నాకు నమ్మకం పోయిందని చెబితే నాన్న ఏమైపోతారో తెలియదు. అమ్మ పోయాక ఆయన్ని నిలబెడుతున్నది ఆ నమ్మకం ఒక్కటే. నా చేత్తో నేనే దాన్ని లాగేసినట్టవుతుంది. నాలుగు రోజులు నలిగి నలిగి, ఆ ఆదివారం సాయంత్రం చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను.

ఆ ఆదివారమే ఇది జరిగింది.

ఎప్పటిలాగే పొద్దున్నే సెవెన్ సీటర్ ఆటో ఎక్కి కొత్తగూడ చౌరస్తాలో దిగి, ఇంకో ఆటో పట్టుకున్నాను. దారి పొడుగునా బండలు పగలగొడుతున్నారు. కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల భవనం ముందు ఎవరో కుటుంబంతో సహా స్కూటర్ ఆపి ఫోటో తీసుకుంటున్నారు. ఆఫీసులో ఆదివారం కాబట్టి పన్నెండు మందిమే ఉన్నాం.

పదకొండు గంటలు దాటాక నాకొక ఫైలు వచ్చింది. గాల్ బ్లాడర్ ఆపరేషన్. ఆ డాక్టరు గొంతు నాకు అలవాటే. పెద్దాయన. మాట మధ్యలో ఆగి కాగితాలు వెతుక్కుంటాడు, రికార్డింగు మాత్రం ఆపడు. అలాంటప్పుడు మేం పెడల్ మీద కాలు ఉంచి ఆయన మళ్లీ మొదలుపెట్టేదాకా ఎదురుచూస్తాం. ఆ రోజు కూడా ఒకచోట ముప్పై నలభై సెకన్లు ఆగాడు. నేను నాన్నతో ఏ మాటతో మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నాను. ఫైలు అయింది, అనసూయక్కకు పంపేశాను.

ఒకటి స్పష్టంగా చెబుతున్నాను, నేనేమీ వినలేదు. ఒళ్లు జలదరించడం, చల్లగాలి తగలడం, అలాంటివేమీ లేవు. చల్లగాలంటే, ఏసీ కింద కూర్చున్నవాళ్లకు రోజంతా చల్లగాలే.

భోజనాలయ్యాక అనసూయక్క తన సీటు దగ్గరికి పిలిచింది. తెరమీద నా రిపోర్టు ఉంది.

“ఏంది పిల్లా ఇది? గాల్ బ్లాడర్ తీసుకుంట తీసుకుంట నడుమ ఈ చంద్రమ్మ బావి ఏంది?”

చూశాను. డాక్టరు ఆగినచోట, రెండు ఇంగ్లీషు వాక్యాల మధ్య, ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు ఉంది. నేను కొట్టిందే, నా లాగిన్ మీదే. ఇలా ఉంది:

“ఆయన షుగరు. డానీ ఉద్యోగం. సల్లు నిద్ర. దాసు కాలు. చంద్రమ్మ గారి బావి. నాకు తెలియదు ప్రభువా. నీకు తెలుసు.”

ఇది మా అమ్మ చేసుకునే ప్రార్థన అని చెప్పాను. అనసూయక్క కసరుకోవడం మానేసి కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టింది. ఆ వారమంతా నేను కూడిక గురించే ఆలోచిస్తున్నాను కాబట్టి, నా బుర్రలో ఉన్నది వేళ్లలోంచి జారి ఉంటుందని ఇద్దరం అనుకున్నాం. అది సబబుగానే తోచింది. ఆ ఉద్యోగంలో చెవిని బట్టి వేళ్లు కదులుతాయని నాకు తెలిసినా, ఆ రోజు బుర్రను బట్టి కదిలాయని సర్దిచెప్పుకున్నాను.

“ఉండు, ఓసారి ఇందాం” అని ఆవిడ హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ చోటు నుంచి నడిపింది. విని, ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ విన్నది. మూడోసారి కళ్లు మూసుకుని విన్నది.

“మాటలైతే ఏం లెవ్వు. గాని ఎవరో ఆడామె ఊపిరి తీస్తున్నది. సన్నగ ఈల లెక్క. దమ్ము బీమారి ఉన్నోళ్లు తీస్తరు జూడు, గట్ల.”

నేను హెడ్‌ఫోన్ లాక్కుని విన్నాను. మిషన్ల హోరు, కాగితాల చప్పుడు. అంతే. సౌండు పూర్తిగా పెంచి విన్నాను. ఆవిడ వేలితో “ఇగో, ఇప్పుడు... ఇగో మళ్ల” అని చూపిస్తూనే ఉంది. నాకేమీ వినపడలేదు.

అమ్మ ఆరోగ్యం బాగాలేక పోయిందని అనసూయక్కకు చెప్పాను. ఆయాసమని చెప్పానా? చెప్పలేదనే నా నమ్మకం. ఒట్టేయమంటే వేయలేను.

అమెరికాలో డాక్టరు పక్కన ఉబ్బసం ఉన్న నర్సు ఎవరో నిలబడి ఉండొచ్చని అనసూయక్కే అంది. అదీ సబబే. ఆవిడ ఆ పేజీని ప్రింటు తీసి, నా చేతిలో పెట్టి, ఆ తెలుగు వాక్యాలను రిపోర్టులోంచి చెరిపేసింది. “ఇంతకు చంద్రమ్మ ఎవరు?” అని అడిగింది.

అదే నాకు అర్థం కానిది. ఆయన అంటే నాన్న, ఆయనకు షుగరు. డానీ మా అన్నయ్య, అప్పటికి విశాఖలో ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. సల్లు నేనే, నైట్ షిఫ్టుల్లో నాకు నిద్ర చాలదని అమ్మ బెంగ. దాసు ఊళ్లో మా పక్కింటి రిక్షా అతను, కాలు విరిగింది. ఇవన్నీ నాకు తెలిసినవే, నా బుర్రలోంచే వచ్చి ఉండొచ్చు. చంద్రమ్మ అనే మనిషిని నా జన్మలో ఎరగను. మాకెవరికీ బావి లేదు.

ఇంకొకటి కూడా ఆటోలో వస్తూ తట్టింది. నా అంతట నేను రాసి ఉంటే “నాన్న షుగరు” అని రాయాలి. నాన్నను “ఆయన” అనేది అమ్మ.

ఇంటికి వచ్చేసరికి నాన్న వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. చెప్పాలనుకున్నది వదిలేసి, కాగితం ఆయన చేతికిచ్చాను. ఎలా వచ్చిందో చెప్పాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని చదివారు. చంద్రమ్మ దగ్గర ఆగిపోయారు.

“గుంటూరులో నువ్వు వార్డులోకి వచ్చావా?” అని అడిగారు.

రాలేదు. నేను వచ్చేసరికి అమ్మ ఐసీయూలో ఉంది.

“అమ్మతో ఫోన్లో మాట్లాడావా ఆ వారం?”

లేదు. “మీరే మాట్లాడేవారు నాన్నా, వీధిలో ఎస్టీడీ బూత్ నుంచి” అన్నాను.

“నేను చంద్రమ్మ గురించి నీకు ఎప్పుడైనా చెప్పానా?”

చెప్పలేదన్నాను. లెక్క తప్పిన పిల్లవాడి నోటుబుక్కును చూసినట్టు ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. చంద్రమ్మ అంటే ఆ వార్డులో అమ్మ పక్క మంచం ఆవిడట. నరసరావుపేట వైపు ఏదో పల్లె. మూడోసారి బావి తవ్విస్తున్నారు, మళ్లీ రాయే పడిందని కొడుకు వచ్చి చెప్పాడు, ఆవిడ తన జబ్బు మర్చిపోయి బావి కోసం ఏడ్చింది. అమ్మ ఊపిరి అందక అల్లాడుతూనే, “ఏడవకండి, మీ బావి సంగతి ప్రభువుకు నేను చెబుతాను” అందట.

“నాకు నవ్వొచ్చింది సల్లూ అప్పుడు. తన ప్రాణమే గాల్లో ఉంటే ఎవరిదో బావి” అన్నారు నాన్న. అని, తల తిప్పుకున్నారు.

తర్వాత లేచి లోపలికి వెళ్లి ట్రంకు పెట్టె తీశారు. అమ్మ సామాన్లు ఏడాదిగా అందులోనే ఉన్నాయి, ఇద్దరం తెరవలేదు. అడుగున చీరల కింద అమ్మ ప్రార్థన పుస్తకం ఉంది. బడిలో హాజరు వేసే రూళ్ల పుస్తకం. దానిలో ఎడమవైపు పేరు, మధ్యలో కష్టం, కుడివైపు జవాబు అని అమ్మే గీతలు గీసుకుంది. ఆ పుస్తకం ఉందని నాకు తెలుసు గాని ఏనాడూ తెరిచి చూడలేదు.

చివరి పేజీలో రాత వంకర్లు పోయింది. ఆసుపత్రిలో రాసింది. ఆయన, షుగరు. డానీ, ఉద్యోగం. సల్లు, నిద్ర. దాసు, కాలు. అన్నిటికంటే కింద, చంద్రమ్మ గారు, బావి. నా కాగితంలో ఉన్న వరసే, ఒక్కటి కూడా అటూ ఇటూ కాలేదు.

నా కాగితంలో లేనిది ఒక్కటే. అన్నిటికంటే పైన ఇంకో వరస ఉంది. “నేను, ఆయాసం.”

నేను పేజీలు వెనక్కి తిప్పాను. కొన్నిచోట్ల జవాబు గడిలో తేదీ ఉంది. కొన్నిచోట్ల “లేదు” అని రాసి ఉంది. అమ్మ అలా కూడా రాస్తుందని నాకు తెలియదు. దేవుడు కాదన్నదాన్ని కాదన్నట్టే రాసుకుంది, పువ్వులూ తోటలూ ఏమీ లేకుండా. ఎక్కువ గడులు మాత్రం ఖాళీ. ఏడెనిమిదేళ్ల కిందటి ఖాళీలు కూడా అలాగే ఉన్నాయి, ఒక్కదాన్నీ కొట్టేయలేదు.

అక్కడ నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే చెప్పాల్సిందంతా చెప్పేశాను. ఏడాదిగా ప్రార్థన చేయడం లేదని, నమ్ముతున్నానో లేదో నాకే తెలియదని, ఆదివారం షిఫ్టు నేనే అడిగి వేయించుకున్నానని.

“షిఫ్టు సంగతి తెలుసమ్మా” అన్నారు నాన్న. “ఓసారి నువ్వు క్యారేజీ మర్చిపోతే మీ ఆఫీసుకు తెచ్చాను గదా. మేడమే అడిగి ఆదివారం ఏపిచ్చుకుంటదని మీ వాచ్‌మన్ చెప్పాడు.”

అది ఆరు నెలల కిందటి మాట, అప్పట్నుంచీ ఆయనకు తెలుసు. తెలిసి కూడా ప్రతి ఆదివారం “పాపం, వదలరు” అంటూ వచ్చారు.

గురువారం నేనేం చెయ్యాలో చెప్పమన్నాను. కాగితంలో ఉన్నది అమ్మే కదా అని కూడా అడిగాను. అడిగేటప్పుడు ఆయన ఔననాలని నాకెంత ఆశగా ఉందో చెప్పలేను.

“చనిపోయినవాళ్లు మనతో మాట్లాడరు సల్లూ. అది మన నమ్మకం, దాన్ని నేను మార్చను. ఈ కాగితం అబద్ధమని కూడా అనలేను. రెండూ ఎలా కలుస్తాయో నాకు తెలియట్లేదు.” కాగితం నాకు తిరిగి ఇస్తూ అన్నారు, “నిన్ను ప్రార్థన చెయ్యమన్నాను గాని, అన్నీ అర్థమయ్యాయని చెప్పమనలేదు గదమ్మా.”

ఏడాదిలో నాకు “తెలియదు” అన్న మొదటి మనిషి మా నాన్న. ఆ ఒక్క మాటకు నా కోపం సగం దిగిపోయింది.

గురువారం సాయంత్రం పదిహేను మంది వచ్చారు. ఇంటి ఓనరమ్మ చాపలిచ్చింది. అనసూయక్క కూడా వచ్చి గుమ్మం పక్కన కొంగు కప్పుకుని కూర్చుంది. పాటలయ్యాయి, పాస్టరు గారు వాక్యం చెప్పారు. నేను లేచి అమ్మ పుస్తకం తెరిచాను. పైనుంచి కిందికి చదివాను. “నేను, ఆయాసం” కూడా వదలకుండా చదివాను. చివర, నాకు తెలియదు ప్రభువా, నీకు తెలుసు అన్నాను. ఇంకేమీ అనలేదు. అంత పొట్టి ప్రార్థన ఆ సంఘంలో ఎవరూ విని ఉండరు. ఆమెన్ అనడానికి వాళ్లకు రెండు క్షణాలు పట్టింది.

నాకు ఆ రాత్రికి రాత్రే విశ్వాసం పొంగుకొచ్చిందని రాస్తే అది నింపిన ఖాళీ అవుతుంది. అమ్మ ఎందుకు పోయిందో ఆ రోజూ అర్థం కాలేదు, ఈ రోజుకీ కాలేదు. ఆ కాగితం దానికి జవాబు కాదు. అయినా ఆ తర్వాతి నెల నుంచి ఆదివారం షిఫ్టు మార్పించుకున్నాను. ఒక గీత ఉందని మొత్తం రిపోర్టును పారేయడం ఎందుకనిపించింది.

చంద్రమ్మ ఎవరో అనసూయక్కకు చెప్పాను గాని, ఈ సంగతి సంఘంలో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఒకరు అద్భుతమంటారు, ఇంకొకరు సాతాను మోసమంటారు. ఎవరో ఒకరు తప్పకుండా అర్థం చెప్పేస్తారు.

మా ఆఫీసులో ఫైళ్లు పది రోజులకు సిస్టమ్‌లోంచి తుడిచిపోయేవి. ఆ పది రోజులూ, పని మొదలుపెట్టే ముందు ఆ నలభై సెకన్లు వినేదాన్ని. అనసూయక్క విన్న ఆ ఊపిరి నాకూ ఒక్కసారి వినపడితే చాలని ఎంత బతిమాలుకున్నానో. ఒక్కసారీ వినపడలేదు. మాటలు నా వేళ్లకు వచ్చాయి, ఊపిరి పరాయి మనిషి చెవికి వెళ్లింది. ఎందుకలా పంచినట్టు జరిగిందో నాకు తెలియదు. పదకొండో రోజు ఫైలు లేదు.

పోనీ చంద్రమ్మను వెతుకుదామంటే నాన్నకు ఆ ఊరి పేరు గుర్తు రాలేదు. గుర్తు తెచ్చుకోవాలని చాలా ఏళ్లు ప్రయత్నించి, చివరికి ఆయన కూడా వెళ్లిపోయారు. డానీకి ఉద్యోగం వచ్చింది, దాసు కాలు కుంటిగానే అతుక్కుంది. ఆ గడులు నేనే రాశాను. నాన్న వరసలో “లేదు” అని రాయాల్సి వచ్చింది, రాశాను. అమ్మ ఆయాసం పక్కన కూడా “లేదు” అని రాసే హక్కు నాకుందనిపించి చాలాసార్లు పెన్ను తీశాను. ఆ గడిని అమ్మే ఖాళీగా వదిలింది. అలాగే ఉంచాను.

ఆ ప్రింటు కాగితం ఇప్పటికీ ఆ పుస్తకంలోనే ఉంది. అంచున చిల్లులున్న పాత కంప్యూటర్ కాగితం, అక్షరాలు పాలిపోయాయి. అనసూయక్క ఎక్కడ కలిసినా ముందు అదే అడుగుతుంది.

“ఆ చంద్రమ్మ బావిల నీళ్లు పడ్డయా పిల్లా?”

“తెలియదక్కా.”

“మరి అడుగుడు ఆపకు.”

ఆపలేదు. ఇప్పటికీ రోజూ పొద్దున్నే, ఎక్కడుందో తెలియని ఒక బావిలో నీళ్లు పడాలని, బతికి ఉందో లేదో తెలియని ఒక మనిషి పేరు చెప్పి ప్రార్థన చేస్తాను. ఆ బావి పూడిపోయి ఉండొచ్చు. దాని మీద ఎవరో ఇల్లు కట్టుకుని కూడా ఉండొచ్చు. మా అమ్మ ఆవిడకు మాటిచ్చింది, అది మాత్రం నాకు తెలుసు.